నూనె పూసిన నల్లరాయితో జాగ్రత్త

శ్రీకాకుళం చుట్టుపక్కల చేతి ఉలితో చెక్కడానికి రాయి కొనేవారికి ఈ హెచ్చరిక. శ్రీకూర్మం వెళ్లి వచ్చాక అడుగున్నర తాబేలు చెక్కాలనే సరదా పుట్టి, రోడ్డు పక్కన రాళ్లమ్మే ఒకాయన దగ్గర నల్లరాయి తీసుకున్నాను. ఆరున్నర వేలు, ఆటోకు మరో ఎనిమిది వందలు. "విగ్రహాలకు వాడే రాయి ఇదేనండీ" అన్నాడు. రాయి నిగనిగలాడుతోంది. ఆ నిగనిగే నన్ను ముంచింది.

నాలుగో రోజు మెడ దగ్గర చిన్న దెబ్బ వేయగానే తల మొత్తం ఊడి చేతిలోకి వచ్చింది. తీసుకెళ్లి చూపిస్తే "మీ దెబ్బ గట్టిగా పడింది" అన్నాడు. విరిగిన చోట సగం మేర తుప్పు రంగు! అప్పుడే విరిగిన రాయి లోపల శుభ్రంగా ఉంటుంది. ఏళ్ల తరబడి నీరు దూరిన పగులులోనే రాతిలోని ఇనుము అలా తుప్పు పడుతుంది. ఆ మాట అంటే మౌనం. డబ్బు మాత్రం ఇవ్వలేదు. బిల్లు అడగకపోవడం నా బుద్ధితక్కువతనం.

ఇంటికొచ్చి కిరోసిన్ గుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లబడింది. కింద బూడిద రంగు గ్రానైట్, మెరిసే స్ఫటికపు గింజలు. రెండు మామూలు ఉలులు మూడు రోజుల్లో ఎందుకు మొండివారాయో అప్పుడు అర్థమైంది. ఆ గింజలు ఉక్కు కన్నా గట్టివి. కార్బైడ్ మొన ఉన్న ఉలి కావాలి.

మేకు వెంట తీసుకెళ్లండి. బలపం రాయి గోటికే గీసుకుపోతుంది, పాలరాయి మీద మేకు గీత పడుతుంది. గ్రానైట్ మీద మేకే అరిగి వెండి రంగు చార వదులుతుంది. రాయిని రెండు చెక్కల మీద పెట్టించి సుత్తితో తట్టండి: ఖంగుమని మోగాలి, మొద్దుగా చప్పుడైతే వదిలేయండి. రంగు తుడిచాక నీళ్లు పోసి పది నిమిషాలు ఆగండి. చుట్టూ ఆరినా ఎక్కడైనా సన్నటి తడి గీత మిగిలితే అక్కడ పగులుంది. మీరు నీళ్లు తెమ్మనగానే అమ్మేవాడి ముఖం మారితే ఆ పది నిమిషాలు కూడా ఆగనక్కర్లేదు.

గ్రానైట్ ధూళి ఊపిరితిత్తులకు చేటు, మంచి మాస్కు లేకుండా చెక్కకండి.

నిన్న అటుగా వెళ్తూ చూశాను. అదే వరుసలో ఇంకో ఏడెనిమిది నల్లరాళ్లు, అప్పుడే తలంటుకున్నట్లు మెరుస్తున్నాయి.