రవిప్రకాశ్ ఫాంట్: నాలుగు మాటల వరకే

నాటకాల పోస్టర్లు, పుస్తకాల అట్టలు చేసే పనిలో కొన్నేళ్లుగా ఈ ఫాంట్ వాడుతున్నాను. తెలుగు యూనికోడ్ ఫాంట్లకు ఇప్పుడు కొదవ లేదు గానీ చాలావరకు నున్నగా ఉంటాయి. ఇది అలా కాదు. అక్షరం లావు, అంచు గరుకు, మొద్దు కుంచెతో ఒక్క ఊపున రాసిన వాలకం. అప్పాజీ అంబరీష దర్భా 2013లో రూపొందించారు. సిలికానాంధ్ర దీన్ని ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద విడుదల చేసింది. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది, డబ్బు తీసుకుని చేసే పనులకీ వాడుకోవచ్చు.

టైటిల్‌కి పెడితే దూరం నుంచే లాగుతుంది. అయితే ఒక చిక్కుంది. చేత్తో రాసేవాళ్లు ‘మమత’ అని రాస్తే రెండు మ-లూ ఒకలా రావు. ఫాంటులో వస్తాయి, గరుకుతో సహా. నున్నటి అక్షరాల్లో ఇది ఎవరికీ పట్టదు. ఇక్కడ మాత్రం కన్ను ఇట్టే పసిగడుతుంది. అందుకే టైప్ చేసింది చేసినట్టు వదలను. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో అక్షరాల్ని పాత్‌గా, అంటే సాగదీసి వంచగలిగే గీతలుగా మార్చి, రెండోసారి వచ్చినదాని అంచు కాస్త కోసి, కొంచెం వంచుతాను. అప్పుడు ఆర్టిస్టు రాసిచ్చాడనే అనుకుంటారు. పాత్‌గా మార్చాక అచ్చుతప్పు దిద్దడం నరకం, కాబట్టి అసలు ఫైలు పక్కన దాచుకోండి.

వరుసల మధ్య ఎడం ఇంకో సంగతి. ‘రాష్ట్ర స్థాయి’ అనగానే ష కింద రెండు వత్తులు దిగుతాయి. కింది వరుసలో సరిగ్గా అక్కడే గుడి ఉంటే రెండూ గుద్దుకుంటాయి. ఎడం పెంచితే టైటిల్ బిగువు పోతుంది. నేనైతే కింది మాటని కొద్దిగా పక్కకి జరుపుతాను.

చిన్న సైజులో పెట్టొద్దు. ద-ధ, ప-ఫ, డ-ఢ ల తేడా అంతా ఒక్క చిన్న గీతలో ఉంది. ఇంత లావు అక్షరంలో ఆ గీతకి చోటు తక్కువ, సైజు తగ్గితే పూడుకుపోతుంది. వేదిక, సమయం, ఫోన్ నంబర్లు మండలి అనే ఇంకో తెలుగు ఫాంటులో వేస్తాను. ఉన్నది ఒకే మందం కాబట్టి బోల్డ్ బటన్ జోలికీ పోవద్దు. సాఫ్ట్‌వేర్ తనంతట తాను అంచులు ఉబ్బిస్తుంది, లోపలి ఖాళీలు మూసుకుపోతాయి. ఫోటోషాప్‌లో వత్తులు విడిపోతే ఫాంటుని తిట్టకండి. పాత వెర్షన్ అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగంలో భారతీయ లిపులకు పనికొచ్చే టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకుని, కొత్త ఫైలు తెరిచి చూడండి.

ఒకాయన శుభలేఖకి ఇదే కావాలని పట్టుబట్టారు. వేసి చూపించాను. వధూవరుల పేర్లు పెళ్లికి ముందే పోట్లాటకి దిగినట్టున్నాయి. ఆయనే వద్దన్నారు.

ఎవరైనా ఇందులో ఒక్కో అక్షరానికి రెండు మూడు రూపాలు గీసి చేరిస్తే నా కోతల పని తప్పుతుంది. పక్క అక్షరాన్ని బట్టి రూపం మార్చే సదుపాయం ఓపెన్‌టైప్ అనే ఫాంట్ ఫార్మాట్‌లో ఉంది. మార్చి పంచుకోవడానికి లైసెన్సూ ఒప్పుకుంటుంది, అదే లైసెన్సు కింద ఇవ్వాలి. అన్నీ అక్కర్లేదు, మాటిమాటికీ వచ్చే న, ల, క, ర లతో మొదలుపెట్టినా చాలు.