కొత్త పికప్పా, పాత బీఎస్4 బండా? లోడు వేసి నడిపాకే తేల్చుకోండి

షోరూమ్ టెస్ట్ డ్రైవ్ సాధారణంగా ఖాళీ బండితో, నున్నటి తారు రోడ్డు మీద ఐదు నిమిషాల్లో ముగుస్తుంది. పికప్ కొనేవారికి అది చాలదు. వెనక కమాన్ కట్టలు టన్నున్నర బరువు మోయడానికి పెట్టినవి. ఖాళీగా ఉంటే కొత్తదైనా పాతదైనా గతుకుల్లో ఎగిరిపడుతుంది, బ్రేకు గట్టిగా కొడితే వెనక చక్రాలు జారతాయి. అందుకే రెండు బళ్లనూ ఒకే బరువుతో, ఒకే రోడ్డు మీద నడపాలి. 50 కిలోల సిమెంటు బస్తాలు 20 వేస్తే సరిగ్గా టన్ను. డీలరు ఒప్పుకోకపోతే అదే మోడల్ నడుపుతున్న వాళ్ల బండిలో లోడుతో ఒక ట్రిప్పు వెళ్లి రండి.

మన దగ్గర ఎక్కువగా తిరిగే బొలెరో పికప్‌నే తీసుకుందాం. ఒకవైపు 2020 ఏప్రిల్ 1కి ముందు రిజిస్టరైన బీఎస్4 (పాత పొగ ప్రమాణం) బండి, మరోవైపు కొత్త బొలెరో మ్యాక్స్ పికప్. రెండింటిలోనూ ఇంజన్ 2,523 సీసీ, నాలుగు సిలిండర్లదే. లోడుతో ఫ్లైఓవర్ ఎక్కుతూ మూడో గేర్‌లో 30 కిలోమీటర్ల వేగం నుంచి యాక్సిలరేటర్ తొక్కి చూడండి. పాతది గేరు దించమంటే, కొత్తది అదే గేర్‌లో లాగుతుందా లేదా అన్నది అక్కడే తెలుస్తుంది. ఆ తర్వాత ఇరుకు సందులో రివర్స్ తీయండి. పవర్ స్టీరింగ్ లేని పాత బండిని రోజుకు ఇరవై చోట్ల ఆపి తిప్పే డ్రైవరు భుజాల సంగతి ఈ ఒక్క పరీక్షతో అర్థమవుతుంది. ఈ విషయంలో కొత్త బండే మేలు, సందేహం లేదు.

అసలు తేడా పొగగొట్టంలో ఉంది. 2020 ఏప్రిల్ నుంచి అమలైన కొత్త పొగ ప్రమాణం బీఎస్6. ఆ ప్రమాణం డీజిల్ బండిలో డీపీఎఫ్ అనే వడపోత మసిని పట్టి ఉంచుతుంది. సైలెన్సర్ బాగా వేడెక్కినప్పుడు ఆ మసి తనంతట తానే కాలిపోతుంది. దానికి ఆగకుండా 15–20 నిమిషాల పరుగు కావాలి. ఊళ్లో మూడు కిలోమీటర్లు వెళ్లి ఆపి, మళ్లీ రెండు కిలోమీటర్లు తిరిగే పనిలో ఆ వేడి పుట్టదు. మసి పేరుకుంటుంది, డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, పట్టించుకోకపోతే బండి లాగే శక్తి పడిపోయి పాకుతుంది. మసి కాలుతుండగా మధ్యలో ఇంజన్ ఆపేయడం అలవాటైతే డీజిల్ కొంత ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. గేజీ పుల్ల మీద ఆయిల్ మట్టం పెరిగిందంటే సంతోషించకండి, అది పల్చబడిన ఆయిల్. ఆయిల్ కూడా కంపెనీ పుస్తకంలో రాసిన గ్రేడే పోయాలి. వేరేది పోస్తే దాని బూడిద వడపోతలో ఉండిపోతుంది, అది కాలిపోయేది కాదు. డీజిల్ మూత పక్కన నీలం మూత కూడా ఉంటే ఆ బండికి పొగను శుభ్రపరిచే డెఫ్ అనే యూరియా ద్రవం ఖర్చు అదనం.

బీఎస్4కి ఈ బాధ లేదు. కానీ దాన్ని చూసే పద్ధతి వేరు. అమ్మేవాళ్లు స్టార్ట్ చేయకముందే వెళ్లి బానెట్ మీద చేయి పెట్టండి. వేడిగా ఉంటే ఉదయపు స్టార్టింగ్ కష్టాన్ని దాస్తున్నారేమోనని అనుమానించాల్సిందే. చల్లటి ఇంజన్ తిప్పాక నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే ఆవిరి బుస్సుమని తన్నుకొస్తే పిస్టన్ రింగులు అరిగాయి. హ్యాండ్‌బ్రేక్ వేసి, మూడో గేర్‌లో క్లచ్ మెల్లగా వదలండి: ఇంజన్ ఆగిపోవాలి, ఆగకుండా తిరిగితే క్లచ్ ప్లేటు పోయినట్టే. కదిలేటప్పుడు కింద టక్‌మంటే వెనక చక్రాలను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు, 40–50 వేగంలో గుంయ్‌మంటూ అదిరితే సెంటర్ బేరింగ్ చూడాలి. ఇవన్నీ మార్చగలిగినవే. మార్చలేనిది ఛాసిస్. ఓవర్‌లోడు తిరిగిన బండికి వెనక కమాన్ బ్రాకెట్ల దగ్గర పగుళ్లు, వెల్డింగ్ అతుకులు, కొత్తగా పూసిన నల్లరంగు కనిపిస్తాయి. అవి ఉంటే ధర ఎంత తగ్గించినా వద్దు.

ఇక డబ్బు. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు వాహనాల జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, కాబట్టి పాత బండి ధరను పాత లెక్కలతో బేరమాడకండి. ఉదాహరణకు కొత్తదానికి 8 లక్షల అప్పు 10 శాతంతో 60 నెలలకు తీసుకుంటే వాయిదా సుమారు 17,000. పాతదానికి 4 లక్షలు 14 శాతంతో 36 నెలలకైతే సుమారు 13,700. నెలకు తేడా 3,300 మాత్రమే అనిపిస్తుంది, కానీ మొత్తం కట్టేది 10.2 లక్షలు, 4.9 లక్షలు. మైలేజీ లీటరుకు 12 నుంచి 14కి పెరిగిందనుకున్నా, నెలకు 2,500 కిలోమీటర్లకు మిగిలేది 30 లీటర్లు. లీటరు 95 చొప్పున దాదాపు 2,800 రూపాయలు.

మదనపల్లె నుంచి టమాటా తీసుకుని భాకరాపేట ఘాట్ దిగి తిరుపతి వెళ్లొచ్చే బండిలా రోజూ వంద కిలోమీటర్లకు పైగా తిరిగేవారు కొత్తదే తీసుకోవాలి. దూరం డీపీఎఫ్‌ను శుభ్రంగా ఉంచుతుంది, వారంటీ ఉన్నన్నాళ్లు పెద్ద రిపేరు భయం ఉండదు. ఊరి నుంచి పక్క మండల కేంద్రానికి పాలు, దాణా, ఇసుక బస్తాలు తోలే పనైతే ఛాసిస్ గట్టిగా ఉన్న బీఎస్4 బండే నయం. ఇంటికి దగ్గర్లోని మెకానిక్కే దాన్ని విప్పి బిగించగలడు.

అయితే ఫిట్‌నెస్ తేదీ చూసుకోండి. ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకోసారి, దాటాక ఏటా చేయించాలి. ఆఖరి బీఎస్4 బళ్లకు కూడా 2028కల్లా ఎనిమిదేళ్లు నిండుతాయి, అంటే మీ వాయిదాలు తీరేలోపే. ఆర్సీ మీద ఫైనాన్స్ ఉంటే ఫైనాన్సర్ ఎన్వోసీ, అప్పు తీరిందని సంతకమైన ఫారం 35 చేతికొచ్చాకే మిగతా సొమ్ము ఇవ్వండి. బండి మీ పేరున మారే 29, 30 ఫారాలు అదే రోజు రాయించుకోండి, ఛలాన్లు ఎంపరివాహన్ యాప్‌లో అక్కడే నిలబడి చూడండి.