పాత కంపెనీ రిఫరెన్స్: హెచ్‌ఆర్ మేలా, అప్పటి మేనేజర్ మేలా?

బెంగళూరులో ఉద్యోగం మారుతున్న మనవాళ్లు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది: "ఎప్పుడో పదేళ్ల కిందట మానేసిన కంపెనీ నుంచి రిఫరెన్స్ కావాలంటున్నారు. అక్కడి హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టనా, అప్పటి మేనేజర్‌ని పట్టుకోనా?" రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్ మీ దగ్గర ఉన్నాయనే అనుకుంటున్నాను.

హెచ్‌ఆర్‌తో తేలేది కాగితాల సంగతి. చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా. అంతకు మించి నోరు విప్పడానికి పెద్ద కంపెనీలు సాధారణంగా ఇష్టపడవు. పైగా ఇన్నేళ్లలో కంపెనీ పేరే మారిపోయి ఉండొచ్చు. సత్యం 2013లో టెక్ మహీంద్రాలో కలిసింది. ఐగేట్‌ని 2015లో క్యాప్‌జెమినీ కొనేసింది. ఇక్కడి మైండ్‌ట్రీ 2022లో ఎల్‌టీఐతో కలిసి ఎల్‌టీఐమైండ్‌ట్రీ అయింది. ఇలాంటిచోట పాత ఎంప్లాయీ నంబరు వేసి ఇప్పటి కంపెనీకే రాయాలి. వెరిఫికేషన్ ఫారంలో (పాత ఉద్యోగం వివరాలు సరిచూసుకోవడానికి కొత్త కంపెనీ నింపమనేది) పాత పేరూ కొత్త పేరూ రెండూ వెయ్యండి.

నా ఓటు మాత్రం మేనేజర్‌కే. మీరు ఎలా పనిచేశారో, గడువు ముంచుకొచ్చినప్పుడు నిలబడ్డారో లేదో చెప్పగలిగేది దగ్గరుండి చూసిన మనిషే. ఆయన కూడా ఆ కంపెనీ వదిలేసి ఉన్నా ఫరవాలేదు. కొందరు వెరిఫికేషన్ వాళ్లు జీమెయిల్ ఒప్పుకోరు కాబట్టి ఆయన ఇప్పటి ఆఫీసు మెయిల్ ఇవ్వొచ్చా అని అడగండి. ఇద్దరూ ఒకే కాలంలో అక్కడ ఉన్నట్టు లింక్డిన్‌లో కనబడితే ఇంకా మంచిది.

అసలు చిక్కు ఆయన జ్ఞాపకంతోనే. మీ తర్వాత ఆయన కింద ఎంతమంది వచ్చి వెళ్లారో! మీరంటే అభిమానం ఉన్నా ఏ ప్రాజెక్టు, ఏ సంవత్సరం అంటే తడుముకుంటారు. ఆ తడబాటు అవతలివాళ్లకు అనుమానంగా వినిపిస్తుంది. అందుకే నంబరు ఇచ్చేముందే ఇలా ఒక మెసేజ్ పెట్టండి: "సార్, నమస్తే. 2012 నుంచి 2015 దాకా మీ టీంలో ఉన్నాను, బ్యాంకు ప్రాజెక్టులో రాత్రి బ్యాచ్ జాబ్స్ చూసేవాణ్ణి. కొత్త ఉద్యోగానికి మీ పేరు రిఫరెన్స్‌గా ఇవ్వొచ్చా? ఇబ్బందైతే మొహమాటం లేకుండా చెప్పండి సార్." ఆ చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. మొహమాటానికి ఒప్పుకున్న మనిషి ఫోన్లో ముక్తసరిగా మాట్లాడితే అది మీకే నష్టం. ఆయన సరేనన్నాక రెజ్యూమే, కొత్త ఉద్యోగం వివరం, ఎవరు ఫోన్ చేస్తారన్నదీ పంపండి.

తేదీలు మాత్రం గుర్తున్నవి పంపకండి. ముందు ఈపీఎఫ్‌ఓ (పీఎఫ్ సంస్థ) పోర్టల్లో సర్వీస్ హిస్టరీ చూసుకోండి. వెరిఫికేషన్ వాళ్లు తరచూ అదే చూస్తారు, ఆయన చెప్పే నెలకూ అందులో ఉన్న నెలకూ తేడా రాకూడదు. పీఎఫ్ ఖాతాలన్నిటికీ కలిపి ఇచ్చే ఒకే నంబరు, యూఏఎన్, వచ్చింది 2014లో. అంతకు ముందటి పీఎఫ్ ఖాతా కలుపుకోకపోతే ఆ ఉద్యోగం అందులో కనబడదు. అప్పుడు రిలీవింగ్ లెటర్లో ఉన్న తేదీయే పంపాలి.

"ఇన్నేళ్లు పలకరించకుండా ఇప్పుడు అవసరానికి ఫోన్ చేస్తే ఏమనుకుంటారో" అని చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆగకండి. ఆయన కూడా ఎవరో ఒకరి మాటసాయంతో పైకొచ్చి ఉంటారు. కాకపోతే పిల్లల చదువులూ, ఆరోగ్యమూ అడిగి అడిగి చివర్లో అసలు సంగతి బయటపెట్టొద్దు. మొదటి మాటలోనే చెప్పెయ్యండి. ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆయనకి కబురు చెప్పండి.

కంపెనీ మూతపడితే ఫారం 16 (జీతంలో కోసిన పన్నుకు కంపెనీ ఇచ్చిన పత్రం), పేస్లిప్పులు, 26ఏఎస్ (మీ పేరున జమైన పన్ను వివరాల పత్రం) ఉద్యోగానికి రుజువులుగా పనికొస్తాయి. పనితీరు గురించి అవేమీ చెప్పలేవు. మేనేజర్ దొరక్కపోతే టీం లీడ్‌ని అడగండి. పక్క సీటు స్నేహితుణ్ణి ఆఖరికి ఉంచుకోండి.