స్కూలు గేటు దగ్గర థర్మామీటర్ గన్: ఏడాదికి పైగా వాడాక నా రివ్యూ

రేటింగ్ 5కి 2. వస్తువుకైతే 3 ఇద్దును, దాన్ని మేం నమ్ముకున్న తీరుకి ఒకటి కోసేశాను.

నేను కందుకూరు దగ్గర ఒక హైస్కూల్లో టీచర్ని. కరోనాకి మూతపడ్డాక 2020 నవంబరు 2న తొమ్మిది, పది తరగతులకి బడి తెరవాలన్నప్పుడు స్టాఫంతా తలా కొంత వేసుకుని ఒంగోలులో ఒక మెడికల్ షాపులో ఈ గన్ కొన్నాం. రెండు వేల మూడొందలు. ఇప్పుడు అలాంటిదే వెయ్యి లోపు దొరుకుతోంది, అప్పటి రేట్లు అలా ఏడిశాయి. కంపెనీ పేరు రాయను, అదే డబ్బా, అదే బొమ్మతో నాలుగైదు పేర్లమీద అమ్ముతున్నారు.

మొదటి మూడు రోజులూ అందరికీ 92, 93 చూపించింది. మా పీఈటీ సార్ "మన పిల్లలు చల్లని పిల్లలు మేడం" అని నవ్వించారు, మేమూ నవ్వి రిజిస్టర్లో రాసేసుకున్నాం. నాలుగో రోజు పదో తరగతి పిల్లాడొకడు "ఏంది టీచర్, నేను బతికే ఉన్నానా" అంటూ గన్ తీసుకుని తిప్పి చూస్తే, పక్కన చిన్న బటన్ దగ్గర 'సర్ఫేస్' అని ఉంది. అది గోడ వేడో, పాలగిన్నె వేడో చూసే మోడు. 'బాడీ'కి మార్చగానే అదే పిల్లాడికి 97.6. అంటే మూడు రోజులపాటు మేం గేటు దగ్గర చేసింది నుదుటికి గురిపెట్టి టిక్కు కొట్టడమే! డబ్బాలో కాగితం ఉంది, కాదనను, కానీ ఆ అక్షరాలు చీమ తలకాయంత ఉన్నాయి.

సరిగ్గా ఆ మూడు రోజుల్లోనే రాష్ట్రంలో 262 మంది పిల్లలకి, సుమారు 160 మంది టీచర్లకి పాజిటివ్ వచ్చిందని వార్తలు. బడికొచ్చిన నాలుగు లక్షల మంది పిల్లల్లో అది 0.1 శాతం కూడా కాదని పైవాళ్లు చెప్పారు. లెక్క కరెక్టే. మా స్టాఫ్ రూములో మాత్రం ఆ శాతం విని ఎవరికీ ధైర్యం రాలేదు, యాభై దాటినవాళ్లు ఐదుగురం, అందులో ఇద్దరికి షుగరు, ఇళ్లలో ముసలివాళ్లు, అప్పటికి టీకా అన్న మాటే లేదు.

ఇక మోడు సరిగ్గా పెట్టాక ఎలా ఉందంటే, నుదుటికి మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల దూరంలో నొక్కితే ఒక్క సెకనులో చెప్తుంది, బ్యాటరీలు రెండు జతలతో ఏడాది లాగించాం. కానీ ఇది చదివేది నుదుటి పైచర్మం వేడి. ఎండలో ఐదు కిలోమీటర్లు సైకిల్ తొక్కి వచ్చినవాడికి ఎక్కువ, పంపు దగ్గర మొహం కడుక్కొచ్చినవాడికి తక్కువ. పొగాకు క్యూరింగ్ రోజుల్లో ఒక పిల్లాడు తెల్లవారుజామునంతా బ్యారన్ (పొగాకు ఆకు వేడికి ఆరబెట్టే గది) పొయ్యిలో కట్టెలెగదోసి అట్నుంచటే బడికొచ్చాడు, 100.8! పాపం వేపచెట్టు కింద కూర్చోబెట్టి పావుగంటాగి చూస్తే 98. అదే వారం ఇంకో పిల్ల దగ్గుతూనే 97.2తో లోపలికెళ్లింది. పొద్దున్నే వాళ్లమ్మ పారాసిటమాల్ వేసి పంపిందని మధ్యాహ్నం తెలిసింది. అసలు జ్వరమే లేకుండా కరోనా మోసేవాళ్లుంటే ఇది ఏం చేస్తుంది, పాపం దాన్ని తిట్టీ లాభం లేదు.

నన్నడిగితే ఆ రెండు వేల మూడొందలు పెట్టి, గదుల్లో గాలి ఆడేలా బిగుసుకుపోయిన కిటికీ రెక్కలు బాగుచేయించాల్సింది. చివరికి ఆ పని కూడా చేయించాం, ఐదొందలు అయింది. ఎనిమిదో తరగతి నుంచి పైవాళ్లని చెట్ల కింద కూర్చోబెట్టి చెప్పిన రోజులే నేను కాస్త టెన్షన్ లేకుండా ఉన్నాను, గొంతు పోయిందనుకోండి.

2022 సంక్రాంతి తర్వాత తెలంగాణలో సెలవులు పొడిగించారు, మనకి జనవరి 17నే తెరిచారు. మళ్లీ గన్ బయటికి తీశాం. ఆసారి కాస్త నయం, మేమంతా అప్పటికే రెండు డోసులు వేయించుకున్నాం, పదిహేను దాటిన పిల్లలకి కూడా ఆ నెల 3 నుంచి టీకాలు మొదలయ్యాయి. ఆరో తరగతి వాళ్లకే అప్పటికి ఏమీ లేదు.

కొనేవాళ్లు షాపులోనే బాడీ మోడు పెట్టించుకుని, మీ నుదుటి మీద ఒకసారి, మామూలు డిజిటల్ థర్మామీటర్‌తో ఒకసారి చూసుకుని కొనండి. మాది వారంటీ నవంబరులో అయిపోయింది, స్క్రీన్ మీద మధ్య అంకె సగమే వెలుగుతోంది, 8 వచ్చినా 6 లాగే కనిపిస్తుంది.