మదర్ హౌస్‌కు టిక్కెట్టు లేదు

కోల్‌కతాలోని మదర్ హౌస్‌లో ఉన్న మదర్ తెరెసా సమాధిని చూడడానికి ఎవరికీ ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. అక్కడ టిక్కెట్టు లేదు, పాసు లేదు. ఇది తెలియక మేము 900 రూపాయలు పోగొట్టుకున్నాం.

విజయవాడ నుంచి హౌరా దాకా రైలు ప్రయాణం హాయిగా సాగింది. గొడవంతా లాడ్జిలోనే. ఫోనులో రోజుకు 1,800 అన్న గదికి, తీరా వెళ్లాక 2,300 అన్నారు. లిఫ్టు పనిచేయదు. మోకాళ్ల నొప్పులతో ఉన్న అమ్మ మూడంతస్తులు ఎక్కింది. పైగా కౌంటరు దగ్గరి మనిషి, మదర్ హౌస్‌కు పాసు తప్పనిసరి అంటూ మనిషికి 300 చొప్పున ముగ్గురికీ వసూలు చేసి, ముద్ర వేసిన కాగితం చేతిలో పెట్టాడు. మేము వెళ్లింది గురువారం. ఆ రోజు సందర్శకులను అనుమతించరట! ఆ సంగతి కూడా చెప్పలేదు. తిరిగొచ్చి అరగంట వాదించినా డబ్బు వెనక్కి రాలేదు. ఏటా గుణదల తిరునాళ్లకు తప్పకుండా వెళ్లే అమ్మ, ఆ సాయంత్రమంతా జపమాల పట్టుకుని మాట్లాడకుండా కూర్చుంది.

రాత్రి చెల్లెలు అద్భుతాల మాట ఎత్తింది. అది నర్సు. 1998లో పశ్చిమ బెంగాల్‌లోని దక్షిణ దినాజ్‌పూర్‌కు చెందిన ఒక గిరిజన మహిళ పొట్ట మీద మదర్ పతకం ఉంచి ప్రార్థిస్తే కణితి మాయమైందని చర్చి నమ్మింది. ఆమెకు చికిత్స చేసిన డాక్టర్లు మాత్రం క్షయ మందులతోనే తగ్గిందన్నారు. అయినా ఆ స్వస్థత ఆధారంగానే 2003 అక్టోబరు 19న మదర్‌ను ధన్యురాలిగా, అంటే పునీత పట్టానికి ముందు మెట్టుగా, ప్రకటించారు. బ్రెజిల్‌లో మెదడులో చీముగడ్డలతో ఉన్న ఒక ఇంజినీరు 2008లో కోలుకోవడాన్ని రెండో అద్భుతంగా గుర్తించి, 2016 సెప్టెంబరు 4న పునీత పట్టం ఇచ్చారు. "మందులు రాసిన చేతికి పేరే లేదా?" అన్నది చెల్లెలి బాధ. "మందు పనిచేయించింది ఎవరే?" అంది అమ్మ. నాకు ఇద్దరి మాటా న్యాయంగానే తోచింది.

మర్నాడు ఉదయం 8 గంటలకే వెళ్లాం. 12కి మూసి, మళ్లీ 3 నుంచి 6 వరకు తెరుస్తారు. ఉదయమే మంచిది. సమాధి మీద చెక్కడాలూ ఆర్భాటమూ లేవు. తెల్లటి రాయి, దాని మీద బంతిపూల రేకులతో పేర్చిన అక్షరాలు. అమ్మ దాని అంచుకు నుదురు ఆనించి చాలాసేపు లేవలేదు. పైన మదర్ ఉన్న గది చూశాను. వంటగది మీద ఉంటుంది, ఫ్యాను లేదు. ఇరుకైన మంచం, చిన్న బల్ల. కోల్‌కతా ఎండల్లో ఆ గదిలో దశాబ్దాలు గడిపారని తలచుకుంటే గొంతు పట్టేసింది. ఈ గది చూడకుండా మాత్రం రాకండి.

బయటికి వస్తుంటే ఒక సిస్టరు మాకు తలా ఒక చిన్న పతకం ఇచ్చింది. డబ్బు ఇవ్వబోతే వద్దంది. చెల్లెలు ఇంకొకటి అడిగి తీసుకుంది. తన వార్డులో ఉన్న ఒక పేషెంటు కోసమట.