పెట్టెలో వచ్చే రెడీమేడ్ ఫ్రంట్ యాక్సిల్: కొనాలా, పాతదానికే బూటు మార్చాలా?

ముందు చక్రాలకు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఒక్కో చక్రం విడిగా పైకీ కిందికీ కదిలే ఏర్పాటు) ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ బళ్లకు పూర్తి యాక్సిల్ అసెంబ్లీ రెడీమేడ్‌గా దొరుకుతుంది. డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్ల భాగం) వైపు లోపలి జాయింటు, షాఫ్టు, చక్రం వైపు బయటి జాయింటు, జాయింట్ల మీద గ్రీజు బయటికి పోకుండా కాపాడే రెండు తొడుగులు (బూట్లు), గ్రీజు, క్లాంపులు అన్నీ బిగించే ఉంటాయి. పాతది లాగి కొత్తది తోస్తే పనైపోయిందని అమ్మేవాళ్లు చెప్తారు. ఆ మాట చాలావరకు నిజమే. చిక్కంతా పెట్టెలో ఉన్న సరుకుతోనే. జిమ్నీ, రాంగ్లర్ లాంటి సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలూ ఒకే దూలానికి కలిసి ఉండే) బళ్ల పని వేరు, వాటిని ఇక్కడ కలపడం లేదు.

ముందు తీర్పు చెప్పేస్తే: బూటు చిరిగినా జాయింటు ఇంకా చప్పుడు చెయ్యకపోతే ఈ పెట్టె కొనకండి. ఒరిజినల్ యాక్సిల్‌నే కడిగి, కొత్త బూటు కిట్ వేస్తే చవకరకం కొత్త యాక్సిల్ కంటే ఎక్కువ కాలం నడుస్తుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలించినప్పుడు కటకటమంటే బయటి జాయింటు పోయింది. దానికి గ్రీజు నింపినా గుంటలు పడిన బాల్ ట్రాకులు (లోపలి ఉక్కు గుండ్లు దొర్లే గాడులు) మళ్లీ నునుపు కావు. తిన్నగా వెళ్తూ యాక్సిలరేటర్ నొక్కినప్పుడు బండి వణికితే లోపలి ట్రైపాడ్ (మూడు రోలర్లుండే) జాయింటును అనుమానించాలి. ఈ రెండు లక్షణాల్లో ఏది ఉన్నా అసెంబ్లీ కొనడం సబబే. మాన్యువల్ లాకింగ్ హబ్బులు (చక్రాన్ని యాక్సిల్‌కు చేత్తో కలిపే, విడదీసే ఏర్పాటు) ఉన్న బళ్లలో హబ్బులు లాక్ చేస్తేనే ఈ చప్పుళ్లు బయటపడతాయి. హబ్బులు లేని చాలా బళ్లలో టూ వీల్ డ్రైవ్‌లో నడిపినా యాక్సిళ్లు తిరుగుతూనే ఉంటాయి, అందుకే అవి ఎప్పుడూ అరుగుతాయి.

పెట్టె తెరవగానే పాతదాన్ని పక్కన పెట్టి పోల్చాలి. అందుకే పాతది బయటికి వచ్చేదాకా కొత్తదాని సీలు, ప్యాకింగు పాడుచేయొద్దు, వాపసు ఇవ్వాల్సి రావచ్చు. రెండు చివర్ల స్ప్లైన్ (షాఫ్టు కొన మీద నిలువుగా ఉండే గాళ్ల) పళ్లు లెక్కపెట్టండి. ఏబీఎస్ రింగు (బ్రేకుల సెన్సర్ చక్రం వేగం చదివే పళ్ల రింగు) యాక్సిల్ మీదే ఉండే బండైతే దాని పళ్లూ లెక్కపెట్టండి, తేడా ఉంటే డాష్‌బోర్డులో లైటు వెలగవచ్చు. లోపలి జాయింటును పూర్తిగా లోపలికి నొక్కి మొత్తం పొడవు కొలవండి. కాస్త పొట్టి అయితే పర్వాలేదు. పొడుగైతే వద్దు, సస్పెన్షన్ కదిలినప్పుడు జాయింటు అడుగంటి డిఫరెన్షియల్ మీద ఒత్తిడి పడుతుంది. లోపలి కొన దగ్గర డస్ట్ రింగు పాతదాని మీద ఉండి కొత్తదాని మీద లేకపోతే ఆయిల్ సీలులోకి మట్టి పోతుంది. తూకం వేసి చూడటం మంచి అలవాటు. షాఫ్టు సన్నగా, జాయింటు కప్పు పలచగా ఉన్న సరుకు తూకంలో వెంటనే దొరికిపోతుంది.

బూటు రబ్బరు విషయంలో ధరల తేడా ఎక్కువ కనిపిస్తుంది. నియోప్రీన్ మెత్తగా ఉంటుంది, తేలిగ్గా చిరుగుతుంది. థర్మోప్లాస్టిక్ ఎలాస్టోమర్ గట్టిది, రాళ్ల దెబ్బకు బాగా తట్టుకుంటుంది, కానీ దానికి క్లాంపు బాగా గట్టిగా బిగించాలి. గట్టి బూటుకు పలచటి క్లాంపు వేసి అమ్మే సరుకు నాలుగు రోజుల్లో గ్రీజు కక్కుతుంది. చేత్తో క్లాంపు తిప్పితే తిరగకూడదు. గ్రీజు చాలీచాలకుండా నింపి పంపడం ఈ వర్గంలో మామూలు ఫిర్యాదు. బూటును నొక్కితే లోపల బరువు తెలియాలి, ఖాళీ సంచిలా ముడుచుకోకూడదు.

ఇక బిగింపు. చక్రం నేల మీద ఉండగానే యాక్సిల్ నట్టు వదులు చేయాలి, తర్వాత జాకీ, స్టాండ్లు, చక్రం తీయడం. చేయి ఆడేలా క్యాలిపర్ విప్పి తీగతో వేలాడదీయండి, బ్రేక్ పైపు మీద బరువు పడకూడదు. ఏబీఎస్ వైరు, బ్రేక్ పైపు క్లిప్పులు విప్పండి, లేదంటే నకిల్ (చక్రం హబ్బును పట్టి ఉంచే భాగం) వంచినప్పుడు తెగుతాయి. టై రాడ్ కొన, పై బాల్ జాయింటు లేదా కింది బాల్ జాయింటు బోల్టులు విప్పితే నకిల్ బయటికి వాలుతుంది. నట్టును రెండు మూడు చుట్లు వదిలి యాక్సిల్ కొనకు సమంగా పెట్టి, ఇత్తడి కడ్డీతో కొట్టి లోపలికి తోయండి. తుప్పు పట్టిన స్ప్లైన్లకు పెనిట్రేటింగ్ ఆయిల్, ఓపిక రెండూ కావాలి. సుత్తితో నేరుగా కొడితే మరలు పుట్టగొడుగులా విచ్చుకుంటాయి.

లోపలి వైపు రెండు రకాలు. షెవ్రొలే సిల్వరాడో లాంటి వాటిలో ఆరు బోల్టుల ఫ్లాంజి ఉంటుంది, బోల్టులు విప్పితే చాలు. మిగతా చాలా వాటిలో స్ప్లైన్ కొనను సర్‌క్లిప్ (ఒకవైపు తెరిచి ఉండే స్ప్రింగు రింగు) పట్టి ఉంచుతుంది. జాయింటు కప్పుకీ డిఫరెన్షియల్ హౌసింగుకీ మధ్య పలుగు పెట్టి ఒక్కసారిగా లాగాలి, ఆయిల్ సీలు పెదవికి తగలకుండా. ఎట్టి పరిస్థితుల్లోనూ షాఫ్టు పట్టుకుని లాగొద్దు, బూటు లోపలే ట్రైపాడ్ ఊడి రోలర్లు చెల్లాచెదురవుతాయి. బండిని ఆ వైపు ఎత్తుగా పెడితే ఆయిల్ తక్కువ కారుతుంది. ఆయిల్ పూర్తిగా తీసేయాలనుకుంటే ముందు నింపే ప్లగ్గు వదులవుతుందో లేదో చూడండి. కింద ప్లగ్గు తీసేశాక పైది బిగుసుకుపోతే బండి అక్కడే ఆగిపోతుంది.

కొత్తదాన్ని పెట్టే ముందు ఆయిల్ సీలు మార్చడం తప్పనిసరి అనే చెప్పాలి. పాతది ఎలాగూ గట్టిపడి ఉంటుంది, యాక్సిల్ తీయడం మళ్లీ అదే శ్రమ. సీలు పెదవికి గ్రీజు రాసి, సర్‌క్లిప్ నోరు కిందికి ఉండేలా తిప్పి, స్ప్లైన్లు కలిసేదాకా యాక్సిల్ తిప్పుతూ తోయండి. క్లిప్ కూర్చున్న టక్కు శబ్దం వినాలి. కప్పు పట్టుకుని చిన్నగా లాగి చూడండి, రాకపోతే కూర్చున్నట్టే. అసెంబ్లీ ఎత్తి పట్టుకునేటప్పుడు రెండు చివర్లూ సమంగా ఉంచాలి, ఒక చివర వేలాడితే లోపలి జాయింటు విడిపోతుంది.

యాక్సిల్ నట్టు కొత్తది వాడండి. అంచు వంచి బిగించే రకం నట్టు రెండోసారికి పనికిరాదు. టయోటా టకోమా, ఫోర్‌రన్నర్‌లలో చాలా మోడళ్లకు 235 న్యూటన్ మీటర్లు, మీ బండికి సర్వీసు పుస్తకంలో ఉన్న అంకెనే పాటించండి. ఇంపాక్ట్ గన్‌తో బిగించి వదిలేయడమూ, నట్టు బిగించకుండా బండిని చక్రం మీద దించి కదిలించడమూ రెండూ హబ్ బేరింగును చంపేవే. నట్టు మీద క్యాసిల్ క్యాపు, స్ప్లిట్ పిన్ను వేసే బండైతే వాటిని మర్చిపోవద్దు.

బండి సస్పెన్షన్ ఎత్తు పెంచినవాళ్లకు (లిఫ్ట్ చేసినవాళ్లకు) ఈ పెట్టె మీద ఫిర్యాదులు ఎక్కువ. తప్పు పూర్తిగా పెట్టెది కాదు. రెండు అంగుళాలు దాటాక లోపలి బూటు మడతలు ఒకదానికొకటి రాసుకుంటాయి, బయటి జాయింటు ఎప్పుడూ వంపులోనే తిరుగుతుంది. డిఫరెన్షియల్ కిందికి దించే కిట్ వేయకుండా యాక్సిల్ మార్చుకుంటూ పోతే ఏ బ్రాండూ నిలవదు.

రీబిల్ట్ యాక్సిళ్ల నాణ్యత అదృష్టం మీద ఉంది. ట్రాకులు సానబట్టి పెద్ద సైజు బాల్స్ వేసేవి బాగుంటాయి. కొన్నిట్లో గ్రీజు, బూటు మార్చి రంగు కొట్టి పంపేస్తారు. బయటి జాయింటును చేత్తో అన్ని వైపులా వంచి చూడండి, ఎక్కడా పట్టెయ్యకూడదు, వదులుగా ఆడకూడదు.

బూటు కిట్ తీసుకునేవాళ్లకు ఒక మాట. చాలా టయోటాల్లో బయటి జాయింటు షాఫ్టు నుంచి ఊడదు, కాబట్టి ట్రైపాడ్ వైపు విప్పి రెండు బూట్లనూ అటునుంచే ఎక్కించాలి. స్పైడర్‌కీ (ట్రైపాడ్‌లో మూడు రోలర్లుండే ముక్క) కప్పుకీ పెయింటుతో గుర్తు పెట్టుకోండి, ఉలితో గీయొద్దు. కిట్‌లో రెండు ప్యాకెట్ల గ్రీజు వేరువేరుగా ఇస్తే కలపొద్దు, మాలిబ్డినం ఉన్న నల్లది సాధారణంగా బయటి జాయింటుకి. క్లాంపు బిగించే ముందు బూటు పెదవి కాస్త ఎత్తి లోపలి గాలి వదలండి, లేకపోతే బూటు ఉబ్బిపోతుంది, లేదా పీల్చుకుని ముడుచుకుపోతుంది.

ఏది వేసినా వంద కిలోమీటర్లు నడిచాక కింద పడుకుని చూడండి. చక్రం లోపలి అంచు మీద గ్రీజు చుక్కలు కనిపిస్తే క్లాంపు వదులు. డిఫరెన్షియల్ పక్కన తడి ఉంటే సీలు మీద అనుమానం, ఆయిల్ స్థాయి అప్పుడే చూసి నింపండి.