రౌటర్ మార్చే ముందు వైరు చూడండి: మూడేళ్లు వాడాక నా సమీక్ష

2022 దసరా ఆఫర్లలో కొన్న వైఫై 6 రౌటర్ ఇది. ఏఎక్స్1500 రకం, నాలుగు యాంటెన్నాలు, వెనక బయటి నెట్ వైరు పెట్టే వ్యాన్ పోర్టు ఒకటి, ఇంట్లో పరికరాలకి వైరు ఇచ్చే ల్యాన్ పోర్టులు మూడు, అన్నీ గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్ వేగానివి. మూడు వేల లోపే పడింది. రాజమండ్రిలో మా ఇంటికి కింద ఒక పోర్షను, పైన ఒక పోర్షను. కింద అమ్మానాన్నలు ఉంటారు, పైన గదిలో కూర్చుని నేను ఉద్యోగం చేసుకుంటాను. అప్పటి నుంచి రాత్రీపగలూ ఆన్‌లోనే ఉంది. ఈరోజు ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. కొన్న నెలలోనే అడిగి ఉంటే ఒక్కటే ఇచ్చేవాణ్ని. అప్పుడు పడిన తిప్పల్లో ఎక్కువ భాగం రౌటర్‌వి కావని తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఇంకొకరికి అన్ని రోజులు పట్టకూడదనే ఇది రాస్తున్నాను.

మొదటి రోజే చిక్కొచ్చింది. నెట్ కంపెనీవాళ్లు పెట్టిన ఫైబర్ మోడెమ్ అడ్రసు (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తుపట్టే నంబరు) 192.168.1.1. కొత్త రౌటర్ అడ్రసూ అదే. రెండూ కలిపితే ఏది ఇంటి లోపలిదో ఏది బయటిదో రౌటర్‌కి తేలక, ఇంటర్నెట్ లైటు ఆరెంజ్‌లోనే ఉండిపోయింది. రౌటర్ ల్యాన్ అడ్రసు 192.168.50.1 అని మార్చగానే నెట్ వచ్చింది. కానీ ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే వీపీఎన్ మాటిమాటికీ తెగిపోయేది. మోడెమ్ ఒకసారి, రౌటర్ ఒకసారి అడ్రసులు మార్చి పంపుతుంటాయి, దీన్నే డబుల్ నాట్ అంటారు. మోడెమ్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే అడ్రసులు మార్చకుండా నెట్‌ని నేరుగా రౌటర్‌కి పంపేలా, పెట్టించాక ఆ బాధ పోయింది. మా ఊళ్లో అది కంపెనీవాళ్లే పెట్టాలి. వాళ్లకి ఫోన్ చేసినప్పుడు పీపీపీఓఈ (రౌటర్ కంపెనీ నెట్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో పాటు వీల్యాన్ నంబరు (ఆ లైనులో నెట్ ఏ దారిలో వస్తుందో చెప్పే నంబరు) కూడా అడిగి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. నాకు వీల్యాన్ నంబరు ఎవరూ చెప్పలేదు, నాకూ అడగాలని తెలియలేదు. ఒక సెలవు రోజంతా దానికే పోయింది. మోడెమ్‌కి ల్యాండ్‌లైన్ ఫోన్ కూడా తగిలించి ఉంటే, బ్రిడ్జ్ పెట్టేటప్పుడు ఆ ఫోన్ సెట్టింగ్ కదపొద్దని ముందే చెప్పండి.

అసలు టెన్షన్ తర్వాత మొదలైంది. మాది 200 ఎంబీపీఎస్ ప్లాను. స్పీడ్ టెస్ట్ పెడితే 93, 94. పొద్దున్న అంతే, అర్ధరాత్రి అంతే, 95 దాటదు. లైను మనిషి వచ్చి మోడెమ్‌కి తన ల్యాప్‌టాప్ పెట్టి చూపించాడు. "మా వరకు ఫుల్ వస్తోంది సార్, మీ రౌటర్‌దే ప్రాబ్లం." నేనూ నమ్మేశాను. ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) మార్చాను, వైఫై ఛానెళ్లు మార్చాను, రెండుసార్లు రీసెట్ చేశాను, చివరికి తిరిగి పంపించేద్దామని అట్టపెట్టె కూడా వెతికి పెట్టుకున్నాను. మూడు వారాలు ఇదే పని.

ఒక ఆదివారం రౌటర్ స్టేటస్ పేజీ తీరిగ్గా చూస్తుంటే వ్యాన్ పోర్టు దగ్గర 100 ఎంబీపీఎస్ అని కనిపించింది. గిగాబిట్ పోర్టుకి వందేమిటి? మోడెమ్ గేటు పక్క గదిలో, రౌటర్ హాల్లో. మధ్యలో వైరు ఇల్లు కట్టినప్పుడు ఎలక్ట్రీషియన్ గోడలో వేసింది. దాని చివర ఉన్న ప్లాస్టిక్ కనెక్టర్ గాజులా ఉంటుంది కాబట్టి ఫోన్ టార్చి వేసి లోపలికి చూశాను. ఎనిమిది తీగలు ఉండాల్సిన చోట నాలుగే ఉన్నాయి. వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, గ్రీన్. నీలం జత, బ్రౌన్ జత పైతొడుగు దగ్గరే కత్తిరించేసి ఉన్నాయి. వంద ఎంబీపీఎస్‌కి ఆ నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. అందుకే నెట్ ఆగిపోదు, తప్పు దొరకదు, వందకి కాస్త ఇవతలే నిలబడిపోతుంది. అదృష్టం కొద్దీ గోడలో వైరు పూర్తిదే. కంప్యూటర్ షాపు కుర్రాడు వచ్చి రెండు చివరలా కొత్త కనెక్టర్లు క్రింప్ చేశాడు, అంటే తీగలు లోపల పెట్టి బిగించాడు. వరస నాకు ఇప్పటికీ నోటికి వచ్చు: వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్. వైరు పెట్టగానే స్టేటస్ పేజీలో 1000 అని పడింది, స్పీడ్ 196కి వెళ్లింది. మీకు కూడా స్పీడ్ సరిగ్గా 94 దగ్గర ఆగిపోతుంటే ముందు ఈ కనెక్టర్ చూడండి, తర్వాతే ఎవరినైనా తిట్టండి.

వైఫై సంగతి. మొదట రౌటర్‌ని ఇనుప బీరువా మీద పెట్టాను, ఎత్తుగా ఉంటుంది కదా అని. అంత పెద్ద ఇనుప రేకు పక్కన సిగ్నల్ ఎటు పోతుంది? మెట్ల మలుపులో గోడకి తగిలించాక పైగదిలో రెండు గీతలు పెరిగాయి. ఈ రౌటర్ వైఫైని 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్లలో పంపుతుంది. స్లాబు దాటి 5 గిగాహెర్ట్జ్ సరిగ్గా రాదు, అది ఏ రౌటర్‌కైనా అంతే. మా సీసీ కెమెరా, స్మార్ట్ బల్బులు 2.4 మీదే పనిచేస్తాయి. రెండు బ్యాండ్లకీ ఒకే పేరు ఉన్నంతకాలం అవి కనెక్ట్ కాలేదు. పేర్లు విడదీసి, 2.4కి డబ్ల్యూపీఏ2 అనే పాత రకం సెక్యూరిటీ పెట్టాక నిమిషంలో అయిపోయాయి. 2.4లో 1, 6, 11 ఛానెళ్లలో పక్కిళ్లవాళ్లు తక్కువ వాడేది పెట్టుకోండి. 5లో ఆటో తీసేసి 36 పెట్టాను. ఆటోలో 52 పైన ఛానెళ్లకి వెళ్లేది. అక్కడ రాడార్ ఏమైనా ఉందేమోనని రౌటర్ కనీసం ఒక నిమిషం వినాలి, అందుకే కరెంటు వచ్చిన ప్రతిసారీ 5 గిగాహెర్ట్జ్ పేరు ఆలస్యంగా కనిపించేది.

కరెంటు అంటే గుర్తొచ్చింది, మినీ యూపీఎస్ తప్పకుండా కొనండి. మోడెమ్‌కీ రౌటర్‌కీ రెండింటికీ ఇవ్వాలి, ఒక్కదానికే ఇస్తే లాభం లేదు. అడాప్టర్ మీద వోల్టులు ఎంతో యూపీఎస్ కూడా అంతే ఇవ్వాలి, ఆంపియర్లు అంతకు తగ్గకూడదు.

పోయినేడు నేను హైదరాబాద్‌లో ఉండగా మోడెమ్‌లో ఎర్ర లైటు వెలిగింది. ఎల్‌ఓఎస్ (లాస్ ఆఫ్ సిగ్నల్) అని రాసి ఉండే ఆ లైటు వెలిగితే ఫైబర్ ఎక్కడో తెగిందనో, వంగిందనో అర్థం. తెగితే ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు. నాన్నగారు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే రీసెట్ చేయమన్నారట. ఫోన్ ఎత్తిన అమ్మాయి ఉద్దేశం ఆపి ఆన్ చేయమని అయి ఉంటుంది. నాన్నగారు పిన్నీసు తీసుకుని రౌటర్ వెనక చిన్న కన్నంలో గుచ్చి పది సెకన్లు పట్టుకున్నారు. సాయంత్రానికి ఫైబర్ అతికించి వెళ్లారు, ఎర్ర లైటు పోయింది, నెట్ మాత్రం రాలేదు. యూజర్‌నేమ్, వీల్యాన్ అన్నీ చెరిగిపోయాయి మరి. రాత్రి ఫోన్లో ఒక్కో అక్షరం చెప్తూ ఆయన చేతే మళ్లీ పెట్టించాను. "నేనే పాడుచేశాన్రా" అని ఆయన అన్న మాట మనసులో ఉండిపోయింది. ఆయన తప్పేం లేదు. సెట్టింగ్స్ బ్యాకప్ ఫైలు తీసి ఉంచని తప్పు నాది. ఇప్పుడు అది ఇంట్లో కంప్యూటర్లో ఉంది, ఆ కన్నం మీద టేపు ఉంది.

ఇక రౌటర్ లోపాలు. యాప్‌లో అకౌంట్ తెరవకపోతే సగం సెట్టింగ్స్ చూపించదు. పిల్లల టైం కంట్రోల్‌కి నెలనెలా డబ్బు అడుగుతుంది. ఒక స్టారు తీసేసింది ఈ రెండిటికే. ఎండాకాలం మూసిన టీవీ అరలో పెడితే బాగా వేడెక్కింది, బయట గోడ మీద ఆ ఇబ్బంది లేదు. మొత్తం మీద ఇరవై దాకా పరికరాలు దీని మీదే నడుస్తున్నాయి, దానంతట అది ఆగిపోయింది లేదు.

పోయిన నెల పైగదికి క్యాట్6 రకం నెట్ వైరు లాగించి, దీనికి ముందు వాడిన పాత రౌటర్‌ని అక్కడ వైఫై ఇచ్చే యాక్సెస్ పాయింట్‌గా పెట్టాను. దాంట్లో డీహెచ్‌సీపీ (పరికరాలకి అడ్రసులు పంచే పని) ఆపేసి, అడ్రసు 192.168.50.2 ఇచ్చి, వైరు ల్యాన్ పోర్టులోనే గుచ్చాను. వైరు వేసినతను క్రింప్ చేస్తుంటే పక్కనే నిలబడి ఎనిమిది తీగలూ లెక్కపెట్టుకున్నాను.